చెయ్యి పట్టుకుని గడియారం చూడటం

“ఏందబ్బయ్యా, చెయ్యి పట్టుకోని గోడమింద గడియారం చూస్తా ఉండావు? నాడి చూసేవాడు మనిషి మొగం చూడాల గదా!”

తమిళనాడులోని ధర్మపురిలో మా ఇంటి వసారాలో కూర్చుని మా అవ్వ అన్న మాట ఇది. ఆమె చిన్నతనంలో పాలక్కోడు దగ్గరి పల్లెలో ఒక నాటు వైద్యుడు ఉండేవాడట. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపటికి “రాత్రి పెరుగన్నం తిన్నావా?” అని అడిగేవాడట. నేనేమో సెకన్ల ముల్లు వైపు చూస్తూ పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాను. అది ఆమెకు వైద్యంలా అనిపించలేదు, వడ్డీ వ్యాపారి లెక్కలా అనిపించింది.

అవ్వ అడిగిన దాంట్లో న్యాయం ఉంది. నాడి చూడటం వేరు, నాడి లెక్కపెట్టడం వేరు. మొదటిది మన దేశంలో కొన్ని వందల ఏళ్లుగా ఉంది. రెండోదానికి సెకన్లు చూపించే గడియారం కావాలి కాబట్టి అది ఈమధ్య వచ్చింది. ఇప్పుడు చాలా ఇళ్లలో బీపీ మిషనో, వేలికి పెట్టుకునే ఆక్సీమీటరో ఉంది. అంకె తెర మీద దానంతట అదే పడుతుంది. కానీ ఆ అంకె దేన్ని లెక్కపెడుతోంది, ఎంతుంటే బాగు, ఎప్పుడు నమ్మాలి అంటే చాలామంది తడబడతారు. అందుకే కాస్త నెమ్మదిగా, మొదటి నుంచి చెప్పుకుందాం.

ముందు మాటల చిక్కు తీసేయాలి. మా ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో రెండూ. రెండింటిలోనూ నాడి అనే అంటారు. అయితే తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘నాడీవ్యవస్థ’ అంటే మెదడు, వెన్నుపాము, వాటి నుంచి ఒళ్లంతా అల్లుకున్న తంతువులు. మణికట్టు దగ్గర కొట్టుకునే నాడికీ దానికీ సంబంధం లేదు. జనం ఇంకో అడుగు ముందుకు వేసి “నరం కొట్టుకుంటోంది” అంటారు. కొట్టుకునేది నరం కాదు, ధమని. అంటే గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే గొట్టం. ముంజేతి మీద నీలంగా, ఉబ్బెత్తుగా కనిపించే వాటిని సిరలంటారు. అవి రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చేవి. వాటి మీద ఎంతసేపు వేలు పెట్టినా ఏమీ కొట్టుకోదు. నాడి దొరకలేదని కంగారుపడేవాళ్లలో సగం మంది ఆ నీలి గీతల మీదే వేలు పెట్టి ఉంటారు.

నాడి అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. నాకు భలే నచ్చేది అదే. సూర్యసిద్ధాంతం లెక్క ప్రకారం ఆరు ప్రాణాలు ఒక వినాడి, అరవై వినాడులు ఒక నాడి, అరవై నాడులు ఒక రోజు. అంటే నాడి 24 నిమిషాలు. మన గడియ అదే, తమిళుల నాళిగై కూడా అదే. ఆ గడియ నుంచే గడియారం వచ్చింది. ఇక ప్రాణం అంటే ఒక ఊపిరి పట్టే కాలం, సరిగ్గా నాలుగు సెకన్లు. నిమిషానికి 15 ఊపిరులన్నమాట. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకు 12 నుంచి 20 అని ఇప్పటి వైద్యపుస్తకాలూ రాస్తాయి. ఆ ఒక్క ఊపిరిలో నాడి నాలుగైదు సార్లు కొట్టుకుంటుంది. చెయ్యి పట్టుకుని గడియారం చూడటం మన భాషకు మరీ కొత్తేమీ కాదని అవ్వకు చెప్పాను. “ఊఁ” అంది.

ఇంతకీ వేలికి తగిలేది ఏమిటి? రక్తం వచ్చి కొడుతోందని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. గుండె ఒకసారి ముడుచుకుంటే దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తం, అంటే చిన్న టీ గ్లాసుకు కాస్త తక్కువ, పెద్ద ధమనిలోకి తోసుకొస్తుంది. అప్పటికే నిండుగా ఉన్న ఆ గొట్టం గోడ సాగుతుంది. ఆ సాగడం అలలా కొమ్మకొమ్మకూ పాకుతుంది. వేలికి తగిలేది ఆ అల. మొరప్పూర్ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సు బండి కదలడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇంజను ఒక్క గుంజు గుంజగానే ఆ కుదుపు పెట్టె నుంచి పెట్టెకు టకటకా పరుగెత్తి చివరి పెట్టెకు చేరుతుంది. బండి మాత్రం ఇంకా నత్తలా కదులుతూనే ఉంటుంది. పెద్ద ధమనిలో రక్తం సగటున సెకనుకు అర మీటరు కూడా కదలదు. అల మాత్రం సెకనుకు ఐదు నుంచి పది మీటర్లు పోతుంది. అందుకే గుండె కొట్టుకున్నాక సెకనులో ఐదో వంతులోపే మణికట్టు దగ్గర వేలికి తెలిసిపోతుంది.

నిమిషానికి 72 సార్లు అనుకుంటే రోజుకు 1,03,680 సార్లు. ఒక్కోసారికి 70 మిల్లీలీటర్లు అంటే నిమిషానికి ఐదు లీటర్లు, రోజుకు ఏడు వేల లీటర్లు పైమాటే. మిద్దెల మీద కనిపించే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు ఏడు. ఒంట్లో ఉండే రక్తం ఐదు లీటర్లే కనుక అదే రక్తం తిరిగి తిరిగి వస్తుందన్నమాట.

ఇక లెక్కపెట్టడం. మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి. మెట్లెక్కి వచ్చిన వెంటనే, భోజనం చేయగానే, కాఫీ తాగగానే, పోట్లాడి రాగానే చూడకూడదు. ఇది పాతకాలపు వైద్యులకూ తెలుసు. స్నానం చేసి వచ్చినవాడికి, తిన్నవాడికి, తలకు నూనె పెట్టుకున్నవాడికి నాడి చూడొద్దని, పరగడుపున చూడమని వాళ్లు పెట్టిన షరతులు ఇప్పటికీ పనికొస్తాయి.

అరచెయ్యి పైకి తిప్పి తొడ మీదో బల్ల మీదో ఆనించాలి. బొటనవేలి మొదలు నుంచి మణికట్టు వైపు జారుతూ రండి. ముడత దాటగానే బయటివైపు ఎముక, లోపలివైపు తాడులాంటి స్నాయువు, రెంటికీ మధ్య చిన్న పల్లం. చూపుడువేలు, మధ్యవేలు కొసలు ఆ పల్లంలో ఆనించండి. గట్టిగా నొక్కితే ధమని మూసుకుపోయి ఏమీ తెలియదు, మరీ తేలిగ్గా పెట్టినా అందదు. ముందు కాస్త నొక్కి, నెమ్మదిగా వదులుతూ పోతే ఒకచోట చక్కగా దొరుకుతుంది. బొటనవేలితో చూడొద్దు. దానికి సొంత నాడి బలంగా ఉంటుంది, ఎదుటివాళ్లది అనుకుని మీదే మీరు లెక్కపెట్టుకుంటారు. మణికట్టు దగ్గర దొరక్కపోతే మెడ మీద, గొంతుముడికి పక్కన చూడొచ్చు. కానీ ఒకవైపే, అదీ మెత్తగా. రెండువైపులా ఒకేసారి నొక్కితే మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. చంటిబిడ్డలకు మణికట్టు దగ్గర దొరకడం కష్టం, దండచెయ్యి లోపలివైపు చూస్తారు.

నాడి కళ్లకు కనిపించాలంటే ఒక ఆట ఉంది. చొక్కా గుండీ రంధ్రంలో అగ్గిపుల్ల నిలబెట్టి, ఆ గుండీని మణికట్టు పల్లం మీద పెడితే పుల్ల లయగా తల ఊపుతుంది. తెలుగు రాష్ట్రాల పదో తరగతి జీవశాస్త్రం పిల్లలు చేసేదే. మా పక్కింటి పిల్లవాడికి చేసి చూపిస్తే గంటసేపు వీధిలో అందరి చేతుల మీదా గుండీ పెట్టుకుంటూ తిరిగాడు.

ఎంతసేపు లెక్కపెట్టాలి? పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసే అలవాటు చాలామందికి ఉంది. అందులో రెండు మోసాలున్నాయి. ఒక్క దెబ్బ తప్పితే అంకెలో నాలుగు తేడా వస్తుంది. రెండోది అంతకంటే సన్నని పొరపాటు. ముల్లు పన్నెండు మీదికి రాగానే తగిలిన మొదటి దెబ్బను “ఒకటి” అంటాం. అది “సున్నా” కావాలి, ఎందుకంటే మనం లెక్కపెడుతున్నది దెబ్బల మధ్య ఉన్న ఎడాలను. ఒకటి అని మొదలుపెడితే ప్రతిసారీ ఒకటి ఎక్కువ వస్తుంది, హెచ్చవేస్తే నాలుగు ఎక్కువ. లయ తప్పేవాళ్ల విషయంలో పదిహేను సెకన్ల లెక్క బొత్తిగా పనికిరాదు. నా మటుకు నేను నిండు నిమిషం చూస్తాను. నిమిషం పోతే మన ఆస్తేం కరిగిపోదు.

ఈ నిమిషం వైద్యుల చేతికి రావడం వెనక తమాషా కథ ఉంది. పీసా నగరంలోని చర్చిలో ఊగుతున్న దీపాన్ని చూసి గెలీలియో తన నాడితో దాని ఊపుల్ని కొలిచాడని చెప్పుకుంటారు. ఆయన సమకాలికుడు శాంటోరియో అనే వైద్యుడు దాన్ని తిరగేశాడు. దారానికి గుండు కట్టి ఊపి, రోగి నాడి లయతో ఆ ఊపు కలిసేదాకా దారం పొడవు మార్చేవాడు. అప్పుడు దారం పొడవే నాడి కొలత. ఇంట్లో మీరూ చేయొచ్చు. ఒక మీటరు దారానికి చిన్న రాయి కట్టి ఊపితే అటొకటి ఇటొకటిగా నిమిషానికి 60 ఊపులు వస్తాయి. 69 సెంటీమీటర్లకు కుదిస్తే 72, ఇంకా 36కు కుదిస్తే 100. సెకన్ల ముల్లు లేని ఇంట్లో పెద్దవాళ్ల నాడి మామూలు హద్దుల్లో ఉందో లేదో ఈ దారమే చెప్పేస్తుంది. ఆ తర్వాత 1707లో ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక్క నిమిషం నడిచి ఆగిపోయే గడియారం చేయించుకుని దాంతో నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను వసారాలో చేసిన పని ఆయనదే.

మన పాత పద్ధతిలో అంకె కన్నా నడక ముఖ్యం. చరకుడు, సుశ్రుతుడు నాడీపరీక్షను వివరించలేదు. ఆయుర్వేదంలో అది స్పష్టంగా కనిపించేది శార్ఙ్గధర సంహితలో. తెలుగు వైద్యుల ఇళ్లలో బాగా నలిగిన బసవరాజీయం కూడా మొదట్లోనే నాడి మాట ఎత్తుకుంటుంది. శార్ఙ్గధరుడి లెక్కలో వాతనాడి పాములా జలగలా, పిత్తనాడి కప్పలా కాకిలా, కఫనాడి హంసలా పావురంలా నడుస్తుంది. మా వైపు సిద్ధ వైద్యుల్ని అడిగితే వాతం హంసలా నెమలిలా, పిత్తం తాబేలులా జలగలా, కఫం కప్పలా పాములా అంటారు. చూశారా, పాము ఒక పుస్తకంలో వాతం, ఇంకో పుస్తకంలో కఫం. వేలికి తగిలింది ఒకటే అయినా దాన్ని చదివే నిఘంటువులు రెండు. ఆ వైద్యులు ఉత్తదే చెప్పారని నేననను. పాములా మెలికలు, కప్పలా గెంతులు అన్నప్పుడు వాళ్ల వేళ్లకు లయలో తేడా తగిలే ఉంటుంది. కానీ ఇద్దరు మనుషులు విడివిడిగా చూసి ఒకే జవాబు చెప్పగలిగేది అంకె విషయంలోనే. అందుకే ఆసుపత్రి కేసుషీటులో హంస ఉండదు, 84 ఉంటుంది.

మరి ఎంతుండాలి? విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకు నిమిషానికి 60 నుంచి 100 అని పుస్తకాల మాట. అప్పుడే పుట్టిన బిడ్డకు 120 నుంచి 160 వరకూ మామూలే. కొత్తగా తల్లయినవాళ్లు ఆ వేగం చూసి హడలిపోనక్కర్లేదు. ఎదిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది. రోజూ పరుగెత్తేవాళ్ల గుండె ముడుచుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. వాళ్లలో కొందరికి 45, 50 ఉన్నా ఆరోగ్యమే. అదే అంకె కళ్లు తిరుగుతున్న డెబ్బై ఏళ్ల మనిషికి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం. అంకె ఒక్కటే చాలదనేది ఇందుకే.

శ్రమ చేస్తే పెరగడం దాని ధర్మం. తీర్థమలై కొండ మెట్లు సగం ఎక్కి నేను చూసుకుంటే 132 ఉంది. నిమిషం కూర్చున్నాక 106కు దిగింది. అలా చప్పున దిగడం మంచి గుర్తు. శ్రమలో గరిష్ఠంగా ఎంత పోవచ్చో తెలుసుకోవడానికి 220లోంచి వయసు తీసేయమంటారు. అది అందాజా లెక్క మాత్రమే, గీత కాదు.

ఊరికే కూర్చున్నప్పుడు కూడా 100 దాటి ఉంటే కారణం వెతకాలి. జ్వరమైతే ఒక డిగ్రీ సెల్సియస్‌కు సుమారు పది చొప్పున పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినా, రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా, భయమేసినా పెరుగుతుంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు “ఊరికే గుండెదడ” అని చెప్పుకోవడం, ఇంట్లోవాళ్లు అది గాభరా అని కొట్టిపారేయడం నేను ఎన్నోసార్లు చూశాను. గుండె గాభరాపడటం లేదు. ఆక్సిజన్ మోసే సరుకు తగ్గింది కాబట్టి ఎక్కువ ట్రిప్పులు వేస్తోంది. తగ్గడానికీ కారణాలున్నాయి: థైరాయిడ్ తక్కువ కావడం, గుండెలో కరెంటు దారి దెబ్బతినడం, బీపీకీ గుండెకూ వాడే ఎటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు. ఈ మాత్రలు వేసుకునేవాళ్లకు జ్వరమొచ్చినా నాడి పెద్దగా పెరగదు. “నాడి బాగానే ఉంది కదా” అని వాళ్ల విషయంలో ధీమాగా ఉండకూడదు. టైఫాయిడ్‌లో కూడా కొందరికి జ్వరానికి తగినంతగా నాడి పెరగదు.

ఇప్పుడు యంత్రాల సంగతి. 2021లో కరోనా రెండో అల సమయంలో ఆక్సీమీటర్లు ఇంటింటికీ వచ్చాయి. తెర మీద రెండు అంకెలు. ఒకటి ఆక్సిజన్ శాతం, ఇంకోటి నాడి. 98 చూసి నాడి ఎక్కువైందని ఫోన్లు చేసినవాళ్లు, 72 చూసి ఆక్సిజన్ పడిపోయిందని ఏడ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. శాతం గుర్తు ఉన్నది ఆక్సిజన్. దాని పక్కనో కిందో ఉండేది నాడి. ఆ యంత్రం చేసేది సులువైన పనే. వేలి గుండా వెలుగు పంపుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలో రక్తం రవ్వంత పెరిగి అవతలికి పోయే వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ తగ్గుదలల్ని లెక్కపెడుతుంది. ఆ తగ్గుదలల నుంచే ఆక్సిజన్ శాతాన్ని కూడా తేల్చడం జపానులో టకువో అవోయగి 1970లలో కనిపెట్టిన ఉపాయం. చేతి గడియారాల అడుగున మెరిసే పచ్చ దీపం కూడా నాడిని దాదాపు ఇలాగే లెక్కపెడుతుంది. వేలు చల్లగా ఉన్నా, కదిలినా, గోళ్లరంగు ఉన్నా, గోరింటాకు దట్టంగా పండినా లెక్క తప్పొచ్చు. పెళ్లింటి నుంచి వచ్చినవాళ్లకు యంత్రం తలాతోకా లేని అంకె చూపిస్తే ముందు వేళ్లు చూడండి.

బీపీ మిషను తెర మీద కూడా అడుగున మూడో అంకె ఉంటుంది. అదే నాడి. తమిళనాడు ప్రభుత్వం ‘మక్కళై తేడి మరుత్తువం’, అంటే జనాన్ని వెతుక్కుంటూ వెళ్లే వైద్యం, అనే పథకాన్ని 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది మా పక్కనే, కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. 2004 దాకా ఆ జిల్లా కూడా ధర్మపురిలో భాగమే. అప్పటి నుంచి ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూస్తున్నారు. “నూట ముప్పై, ఎనభై, నార్మల్” అనగానే ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. మూడో అంకె ఎంత అని అడిగేవాళ్లు అరుదు. అడగండి. పుస్తకంలో రాయించుకోండి.

మా అవ్వ కథ ఆ మూడో అంకె దగ్గరే మొదలైంది. వరసగా మూడు సార్లు చూస్తే 84, 110, 71 వచ్చాయి. మిషను పాడైందనుకున్నాం. అందుకే ఆ రోజు వసారాలో చెయ్యి పట్టుకున్నాను. మిషను పాడవలేదు. వేలికింద రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, తర్వాత ఖాళీ, తర్వాత ఒకటి బలహీనంగా, మళ్లీ మూడు గబగబా. ఏ పద్ధతీ లేదు. వరండా రేకు మీద వాన వెలిసేముందు పడే చినుకుల్లాగా. నిండు నిమిషానికి 94.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అవ్వ గుండె మీద స్టెతస్కోపు పెట్టి, నన్ను మణికట్టు పట్టుకోమంది. ఇద్దరం ఒకే నిమిషం లెక్కపెట్టాం. నాకు మణికట్టు దగ్గర 92. ఆమెకు గుండె దగ్గర 116. ఆ 24 ఎక్కడికి పోయాయి? గుండె పూర్తిగా నిండకముందే ముడుచుకుంటే అల మణికట్టు దాకా రాదు. వేలికి అందని ఆ దెబ్బల్ని యంత్రమూ ఒక్కోసారి వదిలేస్తుంది. ఈసీజీ తీశారు. గుండె పైగదులు లయ తప్పి వణుకుతున్నాయన్నారు. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. పైగదుల్లో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. అలా రాకుండా రక్తం పలుచనచేసే మాత్రలూ, వేగం తగ్గించే మాత్రలూ రాశారు. నొప్పి, ఆయాసం లాంటివేమీ లేకుండా ఇది పెద్దవయసువాళ్లలో దాక్కుని ఉంటుంది. రెండు వేళ్లు, ఒక నిమిషం పెడితే చాలాసార్లు పట్టుబడుతుంది.

కాబట్టి లయ తప్పితే అంకె ఎంతున్నా సరే, ఒకసారి ఈసీజీ తీయించండి. ఊరికే కూర్చున్నప్పుడు 120 దాటి దిగకపోయినా, 50 కంటే కిందికి పడిపోయి తలతిరిగినా ఆలస్యం చేయొద్దు. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం దానికి తోడైతే లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. ఏమీ లేనివాళ్లు కూడా ఒక వారం రోజులు పొద్దున్నే మంచం దిగకముందు చూసుకుని క్యాలెండరు వెనక రాసుకోండి. రేపు జబ్బు చేసినప్పుడు డాక్టరుకు పోల్చి చూడ్డానికి అది కావాలి.

అవ్వ పుస్తకంలో నిన్నటి తేదీ కింద ఇలా ఉంది: పొద్దున ఆరున్నర, నిండు నిమిషం, 78, లయ సరిగా లేదు, మాత్రలు వేసుకుంది.